ఆమీ జాన్సన్: క్రాయిడన్ నుండి డార్విన్ వరకు

ఒక విమానాశ్రయమునకును మరియొక విమానాశ్రయమునకును నడుమ దూరము ఇంత, విమానము గంటకు పోవు వేగము ఇంత, అట్లయిన ప్రయాణమునకు పట్టు కాలము ఎంత యని మేము గణితపు తరగతిలో బాలబాలికలను అడుగుచుందుము. వారు దూరమును వేగముచే భాగించి క్షణములో జవాబు చెప్పుదురు. నల్లబల్లమీద ఆ జవాబులో తప్పు లేదు. కాని నల్లబల్లమీది దూరమునకును ఆకాశమునందలి దూరమునకును ఎంత భేదము కలదో తెలియవలెనన్నచో ఆమీ జాన్సన్ అను ఆంగ్ల వనిత చరిత్రమును చదువవలెను. ఆమె జీవితమున రెండు ప్రయాణములు ముఖ్యములు. ఒకటి 11,000 మైళ్లది. రెండవది సుమారు 150 మైళ్లది. మొదటిదానినుండి ఆమె క్షేమముగా బయటపడెను. రెండవదానినుండి తిరిగి రాలేదు.

ఆమీ 1903వ సంవత్సరము జూలై 1వ తేదీన ఇంగ్లండు తూర్పు తీరమునందలి హల్ అను రేవుపట్టణమున జన్మించెను. తండ్రి చేపల వర్తకుడు. తాత డెన్మార్కు దేశమునుండి వచ్చి అచ్చట స్థిరపడినవాడు. నలుగురు ఆడుబిడ్డలలో ఆమీయే పెద్దది. స్వగ్రామమున పాఠశాల చదువు ముగించి, షెఫీల్డు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము మొదలగు విషయములను చదివి బి.ఏ. పట్టమును పొందెను. పిమ్మట లండను నగరమునకు పోయి ఒక న్యాయవాది కార్యాలయమున కార్యదర్శినిగా కుదిరెను. ఉత్తరములు వ్రాయుట, కాగితములు సరిచూచుట ఆమె దినచర్య. ఇంతవరకు ఆమె బ్రదుకు నాటి చదువుకొన్న వేలకొలది యువతుల బ్రదుకువంటిదే.

ఆమె నివసించు భాగమునకు సమీపముననే స్టాగ్ లేన్ అను చిన్న విమానాశ్రయము ఉండెను. అచ్చట లండను విమాన సంఘమువారు తక్కువ రుసుమునకు విమానము నడుపుట నేర్పుచుండిరి. 1928వ సంవత్సరమున ఆమీ అందు చేరెను. ఆమె పుట్టుకతోనే ప్రజ్ఞావంతురాలగు చోదకురాలని తలపవలదు. ఒంటరిగా విమానమును ఎక్కుటకు సామాన్యముగా శిష్యులకు పట్టు కాలముకంటె ఆమెకు ఎక్కువ కాలమే పట్టెను. నేలమీదికి దిగుట ఆమెకు చిరకాలము కష్టముగానే ఉండెను. అయినను ఆమె మానలేదు. 1929 జూలైలో చోదకుని అనుమతిపత్రమును పొందెను.

ఇంతటితో తృప్తిపడియున్నచో ఆమె పేరు మనకు తెలియకయే పోయియుండును. ఆమె విమానమును నడుపుటతో పాటు దాని అంతరంగమును గూడ ఎరుగవలెనని కోరెను. ప్రతిదినము కార్యాలయమునకు పోవుటకు ముందును, వచ్చిన తరువాతను యంత్రశాలకు పోయి, నూనెమరకల దుస్తులు ధరించి, పురుషులగు పనివారి నడుమ కూర్చుండి, ఇంజను విప్పుట, కడుగుట, బిగించుట నేర్చుకొనెను. మొదట వారు ఆమెను చూచి వింతపడిరి. తరువాత తమలో ఒకరినిగా చూచుకొనిరి. ఆ సంవత్సరము ముగియకముందే ఆమె విమాన యంత్రకారుల అనుమతిపత్రమును సంపాదించెను. బ్రిటనులో ఆ పత్రమును పొందిన మొదటి స్త్రీ ఆమెయే. ఈ నూనెమరకల విద్యయే తరువాత ఆమెను పెక్కు చోటుల కాపాడెను.

ఒంటరిగా ఇంగ్లండునుండి ఆస్ట్రేలియాకు ఎగిరిపోవలెనని ఆమె సంకల్పించెను. 1928లో బెర్ట్ హింక్లరు అను ఆస్ట్రేలియా చోదకుడు ఆ ప్రయాణమును పదునైదున్నర దినములలో ముగించియుండెను. స్త్రీలలో ఎవ్వరును ఒంటరిగా దానిని చేయలేదు. అప్పటికి ఆమీ ఆకాశమున గడపిన కాలము నూరు గంటలకు లోపే. అంతవరకు చేసిన ప్రయాణములలో దీర్ఘమైనది లండనునుండి హల్‌కు, అనగా సుమారు 150 మైళ్లు. ధనము లేదు, విమానము లేదు. ఆమె పెక్కుమందికి ఉత్తరములు వ్రాసెను, చాలమంది త్రోసిపుచ్చిరి. తుదకు తండ్రియు, నూనెల వర్తకుడును విమానవిద్యకు పోషకుడును అగు వేక్‌ఫీల్డు ప్రభువును చెరికొంత సొమ్ము నిచ్చిరి. దానితో 600 పౌనులకు ఒక జిప్సీ మాత్ విమానము కొనబడెను. అది కొత్తది కాదు, ఒకరు వాడినదే. రెక్కలు కర్రచట్రముపై గుడ్డ బిగించి చేయబడినవి. కూర్చుండు చోట పైకప్పు లేదు. తంతిలేని వార్తాయంత్రమును లేదు. తండ్రి వర్తకపు గుర్తును బట్టి ఆమె దానికి జేసన్ అని పేరు పెట్టెను.

ఇప్పుడు మన లెక్కను చేసి చూతము. దూరము 11,000 మైళ్లు, అనగా సుమారు 18,000 కిలోమీటర్లు. ఆ విమానపు సామాన్యవేగము గంటకు సుమారు 85 మైళ్లు. భాగించినచో రమారమి 130 గంటలు, అనగా ఐదున్నర దినములకు లోపు. ఇది నల్లబల్లమీది జవాబు. జరిగినది ఏమో ఇక చెప్పెదము.

1930 మే 5వ తేదీ ఉదయమున ఆమె లండను సమీపమునందలి క్రాయిడన్ విమానాశ్రయమునుండి బయలుదేరెను. సాగనంప వచ్చినవారు కొలదిమందియే. ఇతర చోదకులు మధ్యధరా సముద్రతీరమును చుట్టి పోవుచుండగా, ఆమె పటముమీద కొలబద్ద నుంచి తిన్నని గీత గీచి, దూరము తగ్గించు మార్గమును ఎంచుకొనెను. మొదటి దినమున వియన్నా, రెండవ దినమున కాన్‌స్టాంటినోపిల్, మూడవ దినమున ఆలెప్పో చేరెను. కాని గీత గీచిన కొలబద్దకు పర్వతములు తెలియవు. తారసు పర్వతములు దాటునప్పుడు మేఘములు క్రమ్ముకొనెను. చిన్న విమానము శిఖరములకు పైగా ఎగురలేకపోయెను. ఆమె రైలుదారిని గురుతుగా పట్టుకొని, ఇరువైపుల కొండగోడల నడుమ, కనుమలో దూరి బయటపడెను.

నాలుగవ దినమున బాగ్దాదు చేరకముందే ఎడారిలో ఇసుక తుపాను వీచెను. విమానము వేలకొలది అడుగులు క్రిందికి జారెను. ఆమె గుడ్డిగా నేలమీద దిగి, చక్రములకు అడ్డముగా సామానులు పెట్టి, ఇంజనులో ఇసుక చొరకుండ గుడ్డ కప్పి, గాలికి విమానము ఎగిరిపోకుండ దాని తోకమీద తన బరువు మోపి కూర్చుండెను. దూరమున కుక్కల అరుపులు వినబడుచుండగా చేత పిస్తోలు పట్టుకొని, తుపాను తగ్గువరకు వేచియుండెను. అప్పుడామె వయస్సు 26 సంవత్సరములు.

బాగ్దాదునుండి బందర్ అబ్బాసుకును, అచ్చటినుండి కరాచీకిని ఆమె పోయెను. మే 10వ తేదీన, ఆరవ దినమున, కరాచీ చేరెను. హింక్లరు హిందూదేశము చేరుటకు ఎనిమిది దినములు పట్టియుండెను. కావున ఆమె అతనికంటె రెండు దినములు ముందుండెను. అంతవరకు ఆమెను గూర్చి అంతగా పట్టించుకొనని పత్రికలు ఒక్కసారిగా మేలుకొనెను. లోకమంతయు ఆమె పేరు వినెను.

కరాచీనుండి అలహాబాదు చేరవలెనని మరునాడు బయలుదేరెను. ఎదురుగాలి వీచి పెట్రోలు తరిగిపోయెను. దారిలో ఝాన్సీ పట్టణము కనబడగా సైనికుల కవాతు మైదానమున దిగెను. సైనికులు చెదరి పరుగులిడిరి. విమానము రెక్కకు దెబ్బ తగిలెను. అచ్చటివారు ఆ రాత్రియే దానిని బాగుచేసి యిచ్చిరి. మరునాడు అలహాబాదు మీదుగా కలకత్తా చేరెను. మే 13వ తేదీన కలకత్తానుండి రంగూనునకు సాగెను.

ఆ కాలమున రంగూను మన తెలుగువారికి పరాయి పట్టణము కాదు. కాకినాడ, విశాఖపట్టణము మొదలగు రేవులనుండి వేలకొలది మనవారు పొగయోడలపై బంగాళాఖాతము దాటి, అచ్చటి రేవులో మూటలు మోయుటకును, బియ్యపు మిల్లులలో పనిచేయుటకును పోవుచుండిరి. ఓడలోని వారికి కొన్ని దినములు పట్టు ఆ తావునకు ఆమీ ఒక్క పగటిలో చేరవలెనని ఎగిరెను. కాని వర్షాకాలపు మేఘములు అడ్డగించెను. కుంభవృష్టి కురియుచుండగా దారి కానరాక, రంగూను గుఱ్ఱపు పందెముల మైదానమని భ్రమించి, దాపునందలి ఇన్సీను అను ఊరిలో ఒక ఫుట్‌బాలు మైదానమున దిగెను. ఆ మైదానము చాలినంత పొడవైనది కాదు. విమానము ఆగక పోయి గుంటలో పడెను. ప్రొపెల్లరు విరిగెను, చక్రముల చట్రము చెడెను, రెక్క చినిగెను.

హింక్లరును మించు ఆశ అచ్చట భగ్నమయ్యెను. ఆమె కంట తడిపెట్టెనని చెప్పుదురు. కాని ఆ మైదానము ఒక ప్రభుత్వ సాంకేతిక విద్యాలయమునకు చేరువనే యుండెను. అచ్చటి ఉపాధ్యాయులును విద్యార్థులును పరుగెత్తి వచ్చి, విమానమును ఎత్తి, తమ పనిశాలకు సంబంధించిన విద్యనంతయు ఆమెకు సాయముగా నిచ్చిరి. ఆమెకు గూడ యంత్రవిద్య తెలిసియుండుటచే వారితో కలిసి పనిచేసెను. రెక్కకు అతుకు వేయుటకు విమానపు గుడ్డ దొరకలేదు. మొదటి ప్రపంచయుద్ధమున మిగిలిన విమానపు గుడ్డతో కుట్టిన చొక్కాలు ఆ ఊరిలో ఉండెను. వానిని విప్పి రెక్కకు అతికిరి. గుడ్డకు పూయు లేపనమును రంగూనునందలి ఒక మందుల వర్తకుడు కలిపి యిచ్చెను. ప్రొపెల్లరు మాత్రము ఆమె ముందుచూపుతో అదనముగా ఒకటి విమానమునకు కట్టి తెచ్చుకొనెను. మే 16వ తేదీన జేసన్ మరల ఆకాశమునకు లేచెను.

బాలబాలికలారా, ఈ మూడు దినములు మన భాగాహారమునకు అందునవి కావు. ఫుట్‌బాలు మైదానపు పొడవు, విద్యార్థుల చేతిపని, చొక్కాల గుడ్డ, వీనిని ఏ వేగముచే భాగింపగలము?

బాంకాకు, సింగోరా, సింగపూరు దాటి జావా ద్వీపము చేరెను. అచ్చట జోమల్ అను చోట ఒక పంచదార తోటలో దిగినప్పుడు, నేలలో పాతిన వెదురుకఱ్ఱలు గ్రుచ్చుకొని రెక్కలకు చిల్లులు పడెను. గాయములకు అంటించు ప్లాస్టరు పట్టీలతో ఆ చిల్లులను మూసి ముందుకు సాగెను. ప్రతి సాయంకాలము దిగిన వెంటనే, ఎండచే కమిలిన ముఖముతో, గంటలకొలది ఇంజనును తానే శుభ్రపరచుకొని, రెండు మూడు గంటలు మాత్రము నిద్రించి, తెల్లవారకముందే లేచుచుండెను. తైమూరు ద్వీపమున పొద్దుగ్రుంకువేళ చీమలపుట్టలతో నిండిన పొలమున దిగవలసివచ్చెను. ఆ రాత్రి ఆమె జాడ తెలియక లోకము కలవరపడెను. గ్రామస్థులు మాత్రము ఆమెను ఆదరించిరి.

ఇక మిగిలినది సుమారు 500 మైళ్ల తైమూరు సముద్రము. నేల కానరాదు, ఇంజను ఆగినచో గతి లేదు. నడుమ ఆమెకై కనిపెట్టియున్న ఒక నూనెయోడను చూచి, దిగువకు వచ్చి దానిపై చుట్టు తిరిగి, సంతోషముతో ముందుకు పోయెను. 1930 మే 24వ తేదీ మధ్యాహ్నమున ఆస్ట్రేలియా ఉత్తరతీరమునందలి డార్విన్ పట్టణమున దిగెను. బయలుదేరి పందొమ్మిదిన్నర దినములు, అనగా సుమారు 468 గంటలు గడచియుండెను. నల్లబల్లమీది జవాబు 130 గంటలు. తక్కిన 338 గంటలు తుపానులకును, ఎదురుగాలులకును, రాత్రులకును, మరమ్మతులకును, వేచియుండుటకును పోయినవి. హింక్లరుకంటె ఆమెకు నాలుగు దినములు ఎక్కువ పట్టెను. అయినను ఇంగ్లండునుండి ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరిన మొదటి స్త్రీ యను కీర్తి ఆమెకు దక్కెను.

రాజు ఆమెకు బిరుదము నొసగెను. ఒక దినపత్రిక 10,000 పౌనుల బహుమానమిచ్చెను. ఆస్ట్రేలియాలో ఊరూర జనము క్రిక్కిరిసెను. బ్రిస్బేనులో దిగునప్పుడు విమానము తలక్రిందులయ్యెను గాని ఆమెకు ప్రాణాపాయము కలుగలేదు. ఇంగ్లండునకు తిరిగివచ్చినప్పుడు క్రాయిడన్‌నుండి లండను నడిబొడ్డువరకు లక్షలకొలది ప్రజలు దారి ప్రక్కల నిలిచిరి. మూడు నెలలకు ముందు అదే క్రాయిడన్‌లో ఆమెను సాగనంపినవారు గుప్పెడుమంది. కీర్తి కూడ ఒక బరువే. ఊరేగింపులును ఉపన్యాసములును ఆమె ఆరోగ్యమును క్రుంగదీసెను.

పిమ్మట ఆమె మరికొన్ని దూరప్రయాణములు చేసెను. 1931లో జాక్ హంఫ్రీస్ అను యంత్రకారునితో కూడ మాస్కో మీదుగా టోక్యో నగరమునకు పోయెను. 1932లో జిమ్ మాలిసన్ అను ప్రసిద్ధ చోదకుని వివాహమాడి, ఆ సంవత్సరమే ఆఫ్రికా దక్షిణపు కొననున్న కేప్‌టౌనునకు ఒంటరిగా ఎగిరి భర్త నెలకొల్పిన వేగమును మించెను. 1933లో దంపతులిద్దరును వేల్సునుండి అట్లాంటిక్ మహాసముద్రము దాటిరి గాని, న్యూయార్కు సమీపించిన తరుణమున పెట్రోలు అయిపోయి విమానము కూలగా గాయపడిరి. 1934లో ఇంగ్లండునుండి ఆస్ట్రేలియాకు జరిగిన విమాన పందెమున వారు అలహాబాదునొద్దనే ఆగిపోవలసివచ్చెను. 1936లో ఆమె మరల కేప్‌టౌనునకు ఎగిరి కొత్త వేగమును నెలకొల్పెను. 1938లో వివాహబంధము తెగిపోయెను.

రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. కర్మాగారములలో తయారైన విమానములను సైనిక విమానాశ్రయములకు చేర్చు సహాయక దళమున 1940లో ఆమీ చేరెను. ఇందు ఊరేగింపులు లేవు, పత్రికలలో పేరు లేదు. ప్రపంచమంతట తన పేరు మ్రోగిన ఆ వనిత, ఒక ఊరినుండి మరియొక ఊరికి విమానమును అప్పగించి, రైలుబండిలో తిరిగివచ్చు సామాన్యోద్యోగమును స్వీకరించి శ్రద్ధగా చేసెను. మాకు చూడగా ఆమె జీవితమునందలి గొప్పతనము డార్విన్‌లో ఎంత కలదో ఇందును అంత కలదు.

1941 జనవరి 4వ తేదీన ఆమె స్కాట్లండులోని ప్రెస్ట్‌విక్‌నుండి ఆక్స్‌ఫర్డ్ అను జాతికి చెందిన రెండు ఇంజనుల విమానమును తీసికొని బయలుదేరెను. వాతావరణము బాగుండనందున బ్లాక్‌పూలులో దిగి ఆ రాత్రి తన చెల్లెలి యింట గడపెను. చేరవలసిన చోటు ఆక్స్‌ఫర్డు నగర సమీపమునందలి కిడ్లింగ్టన్. దూరము సుమారు 150 మైళ్లు. 1930కి ముందు ఆమె చేసిన దీర్ఘప్రయాణమును ఇంతే. ఆ విమానపు వేగమునకు ఇది ఒక గంట దారి. మరునాడు, జనవరి 5వ తేదీన, మధ్యాహ్నమునకు కొంచెము ముందుగా బయలుదేరెను. మంచును మేఘములును నేలను కప్పివేసెను. యుద్ధకాలమగుటచే తంతిలేని వార్తలతో దారి చూపువారు లేరు. ఒక గంట గడచెను, రెండు గడచెను. దాదాపు నాలుగు గంటల పిమ్మట, గమ్యస్థానమునకు నూరు మైళ్లకు పైగా తూర్పున, థేమ్సు నది సముద్రమున కలియు చోట, హెర్న్ బే పట్టణమునకు ఎదుట, పారచూటుతో దిగుచున్న ఒక వ్యక్తి ఓడలవారికి కనబడెను. ఆ వ్యక్తి ఆమీ జాన్సన్.

హాజిల్‌మియర్ అను నౌక ఆమెను రక్షింపవలెనని దగ్గరకు వచ్చెను. నావికులు త్రాళ్లు విసరిరి. నీరు మంచువలె చల్లగా నుండెను. అలలు ఎత్తుగా నుండెను. ఆమె త్రాటిని అందుకొనలేకపోయెను. అప్పుడు ఆ నౌకాధిపతి వాల్టర్ ఫ్లెచరు తన పైదుస్తులు విడిచి ఆ నీటిలోనికి దుమికెను. అతడును ఆమెను తేలేకపోయెను. అతనిని పైకి తీసిరి గాని చలిచే కృశించి ప్రాణము విడిచెను. అతని మరణానంతరము ప్రభుత్వమువారు ఆల్బర్టు పతకమును ప్రకటించిరి. ఆమీ దేహము దొరకలేదు. ఆమెకప్పుడు 37 సంవత్సరములు. ఆమె ఎట్లు అంత దూరము దారి తప్పెను, పెట్రోలు అయిపోయెనా, మరియొక కారణము కలదా యనునది నేటికిని తర్కింపబడుచున్నది.

కాలము చాల మారినది. క్రాయిడన్ విమానాశ్రయము 1959లో మూయబడెను. జేసన్ విమానము లండనునందలి విజ్ఞానశాస్త్ర ప్రదర్శనశాలలో భద్రపరుపబడియున్నది. ఆమీ మరణించి 75 సంవత్సరములైన సందర్భమున, 2016లో, హెర్న్ బే యందును హల్ పట్టణమునందును ఆమె కంచు విగ్రహములు నిలుపబడెను. 2021లో కొంతకాలము డార్విన్‌నుండి లండనుకు నడుమ ఎచ్చటను దిగకుండ ప్రయాణికుల విమానములు నడిచినవి. వానికి పట్టిన కాలము రమారమి 17 గంటలు. పందొమ్మిదిన్నర దినములు పదునేడు గంటలైనవి. నేటి ప్రయాణికుడు కిటికీ మూసికొని నిద్రించుచుండగా, ఆమీ కొండకనుమలును ఎడారియు సముద్రమును అతని క్రిందుగా దాటిపోవును.

మేము ఇకమీదట గూడ తరగతిలో ఆ లెక్కను అడుగుదుము. మీరును దూరమును వేగముచే భాగించి సరియైన జవాబు వ్రాయుడు. అట్లు వ్రాయునప్పుడు రెండు సంగతులు జ్ఞాపకముంచుకొనుడు. 11,000 మైళ్ల దారి ఆమీ ఒక్కతె తన ధైర్యముచే దాటినది కాదు. ముందుగా యంత్రశాలలో ఆమె పడిన శ్రమయు, దారిలో ఆమె పేరైనను సరిగా ఎరుగని ఇన్సీను విద్యార్థులవంటివారి చేతులును ఆమెను దాటించెను. 150 మైళ్ల దారి చిన్నదని ఆకాశము దయ తలపలేదు. చిన్న దూరమని సిద్ధపాటును తగ్గించుకొనరాదు; పెద్ద దూరమని అధైర్యపడరాదు. దారిలో ఎవ్వరైనను ఆపదలో కనబడినచో, ఇన్సీను విద్యార్థులవలె మన పనిముట్లు తీసికొని పరుగెత్తవలెను. ఫ్లెచరువలె ప్రాణమునే ఒడ్డవలసిన దినము మనలో ఎవ్వరికిని రాకుండుగాక. వచ్చినచో ఎదుటివాని పేరు అడుగుటకు ఆగకుందుముగాక.